నాలుగొందల పన్నెండో లైను

గోధుమరవ్వ కుస్కుస్‌ని రెండోసారి ఆవిరికి పెట్టి దించి, వేళ్ళు కాలుతున్నా ఉండలు నలుపుతోంది నాజిహా. ఆదివారం. ముందుగదిలో మొగుడు లస్సాద్, అతని అన్నదమ్ములు టీవీలో ఆట చూస్తూ అరుస్తున్నారు. భుజానికీ చెవికీ మధ్య ఫోన్లో ఆఫీసు పెద్ద మున్సిఫ్.

"నీ ప్రోగ్రాం మళ్ళీ ఆగిపోయిందమ్మా. హాఫెద్ రాసింది ఏనాడైనా ఆగిందా? తప్పొస్తే నోరు మూసుకుని ముందుకు పోయేట్టు ఒక్క లైను రాసి పారెయ్. లేదంటే పాతదే పెట్టేస్తా."

స్ఫాక్స్ నగరంలో డయాలసిస్ కేంద్రాలకి ల్యాబ్ ఫలితాలు అందించే ఆఫీసు అది. ఫలితాలు ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో వస్తాయి. ఒక్కో రోగి వివరాలు ఒక్కో సంచీలో కట్టినట్టు, ముందు తెరిచే గుర్తు, చివర మూసే గుర్తు. తోటి ఉద్యోగి హాఫెద్ గారి గొప్ప పాత పైథాన్ ప్రోగ్రాం సంచుల్ని చూడదు. పొటాషియం అన్న మాట వెతికి పక్కనున్న అంకె లాక్కుంటుంది, అంతే. నిరుడు ఒక మూసే గుర్తు ఎగిరిపోతే మబ్రూకా అనే ముసలామెకి పక్క రోగి అంకె అంటుకుంది. పొటాషియం గుండె ఆగేంత పెరిగున్నా, బాగున్నావు పొమ్మన్నారు. నర్సుకి అనుమానమొచ్చి గేటు దగ్గర్నుంచి వెనక్కి పిలవబట్టి బతికింది. అప్పుడు మొత్తం తిరగరాసింది నాజిహా. ఆమె ప్రోగ్రాం ఒక్క సంచీ మూతపడకపోయినా పని ఆపి, ఎక్కడ తెగిందో చెబుతుంది. హాఫెద్‌కి జీతం పెరిగింది. ఈమెకి మొండిదన్న పేరొచ్చింది.

చేతులు తుడుచుకుని పిండి గిన్నెల మధ్యే ల్యాప్‌టాప్ తెరిచింది.

"నాలుగొందల పన్నెండో లైను. అక్కడ మూసే గుర్తు లేదు. ఫైలు మళ్ళీ పంపమని ల్యాబ్‌కి చెప్పండి. మీరడిగిన లైను నేను రాయను. పాతది పెడితే, పెట్టిందెవరో కేంద్రాలన్నిటికీ నేనే రాస్తా."

"ఇంత పొగరు ఆడదానికి మంచిది కాదు," అన్నాడు మున్సిఫ్. "ల్యాబ్‌కి చెప్తాలే," అని ఫోన్ పెట్టేశాడు.

"ఏమైందే? తిండేది?" లోపల్నుంచి లస్సాద్. "ఇది కూడా దాని ప్రోగ్రాంలాగే ఆగిపోయిందిరా!" నవ్వులు.

ఏమైందే అంటే పెళ్ళైన పదకొండేళ్ళుగా ఆమె దగ్గర ఒకటే జవాబు. ఏం లేదు. అత్త చుట్టాల ముందు గొడ్రాలని అన్నరోజూ ఏం లేదు. కడుపు పోయి, నెత్తుటి దుప్పటి తనే ఉతుక్కుని, మధ్యాహ్నానికి పదిమందికి చేపలు వేయించిన రోజూ ఏం లేదు. లోపల ఎన్ని తెగినా ఇల్లు ఆగలేదు. ఆగలేదు కాబట్టి అంతా బాగుందనుకున్నారు. నోరు మూసుకుని ముందుకు పోయే ఆ లైను ఎవరూ రాయమనకుండానే తనలో తనే రాసుకుంది.

పొయ్యి ఆర్పింది. ముందుగది గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"ఈసారి ఉంది," అంది. "టీవీ ఆపు, లస్సాద్. ఎక్కడ తెగిందో చెప్తాను."