బండి కదిలే ముందు

దేవుళ్లను నొప్పించడమంటే తిప్పేస్వామికి మహా భయం. మనుషుల విషయంలో మాత్రం ఆ భయం లేదు, అందుకే మండలమంతా ఆయన చెప్పినట్టు నడుస్తుంది. మూడేళ్ల కిందట ఉరవకొండ రోడ్డులో కారు పల్టీలు కొట్టినా ఆయన ఒంటిమీద గీత పడలేదు. ఆ ఉదయం డ్రైవరు కదిరప్ప స్టీరింగు మీద చెయ్యి పెట్టి యేసుప్రభువుకు ప్రార్థన చేసి బండి తీశాడు. అప్పటినుంచి ప్రార్థన లేనిదే బండి కదలకూడదు. చర్చి గడప తొక్కనివాడికి ఇంత భక్తేమిటని ఊరు చాటుగా నవ్వుకునేది.

ఈ ఉదయం కదిరప్పకు నవ్వు రాలేదు. కాలనీ బోరు నీళ్లు తోటకు మళ్లించుకున్నారేమని అడిగిన పాపానికి, తన చెల్లెలు బయమ్మ మొగుణ్ణి తిప్పేస్వామి మనుషులు నరికేశారు. కేసు లేదు. రేపు బయమ్మ ఇల్లున్న ఆ కాలనీ మీదికే తిప్పేస్వామి జేసీబీ పంపిస్తున్నాడు. వంక మీది కల్వర్టు దగ్గర బయమ్మ మరిది కుళ్ళాయప్ప నాటుబాంబులతో కాచుకుని ఉన్నాడు. అక్కడ బండి నెమ్మది చేసి దూకేయడమే కదిరప్ప పని.

"సంపొద్దన్న దేవుడు మనల్ని సావమన్నాడా?" అని నిన్న కుళ్ళాయప్ప అడిగితే కదిరప్ప సరేనన్నాడు.

తిప్పేస్వామి పక్కసీట్లో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. "కానీప్పా."

"ప్రభువా, ఈ ప్రయాణాన్ని..." రోజూ చెప్పే మాటే. 'క్షేమంగా' అన్నది గొంతు దాటలేదు. అబద్ధమాడితే దేవుడికి ముఖం చూపించలేడు, ఆడకపోతే బయమ్మ ఇల్లు పోతుంది.

"ఏమప్పా, నిలిపేసినావు?"

"క్షేమంగా చేర్చమని ఈ పొద్దు అడగలేనన్నా."

తిప్పేస్వామి కళ్లు తెరిచాడు. ఎందరినో చంపించినవాడు, అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. "యాడ కాచుకోనుండారు?"

కదిరప్ప బండి తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టాడు. "నిన్ను సంపేదానికి నాకు చెయ్యి రాలేదు. వాళ్లను పట్టిచ్చేదానికీ రాదు."

"అయితే నువ్వు సస్తావు."

"తెలుసన్నా."

తిప్పేస్వామి ఫోను తీశాడు. కదిరప్ప పారిపోలేదు. స్టీరింగు మీద చెయ్యి పెట్టి, ఆగినచోటినుంచి ప్రార్థన మళ్లీ మొదలుపెట్టాడు. క్షేమంగా ఉంచమని ముందు కుళ్ళాయప్ప పేరు చెప్పాడు, తర్వాత బయమ్మ పేరు, ఆఖరున పళ్లు బిగబట్టి తిప్పేస్వామి పేరు. తన పేరు చెప్పుకోవడం మరిచిపోయాడు.