చెట్టుమీద మిగిలిన పాట

కల్పన భయం ఒక్కటే. తను పనికి పోయిన పూట భర్త మహిపాల్ మంచం మీదే ప్రాణం వదిలేస్తాడు. తలాపున పాటల డబ్బా మాత్రం పాడుతూనే ఉంటుంది. ఆ పాట విని, అతను బాగానే ఉన్నాడనుకుని వాడకట్టంతా ఎవరి పనిలో వాళ్లుంటారు.

ఆ డబ్బా అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. గోరంత మెమరీ కార్డు పెడితే పొద్దంతా పాడుతుంది. కోరుట్ల బస్టాండు దగ్గర మహిపాలే కొన్నాడు. అంతకుముందు తాటిచెట్టు ఎక్కినా ఫోను జేబులోనే ఉండేది. ఒకనాడు కల్లు గీస్తుంటే మోగింది. తీయబోతే చేయి జారి, కిందపడి పచ్చడైంది.

"ఫోనైతే మోగుతది, ఎవలో అని పానం గుంజుతది. ఇదైతే ఎవల్ని పిలువది, దీన్నెవలు పిలువరు. పాడుమంటే పాడుతది, గంతే," అని కొత్త డబ్బాను కల్పన చెవికి ఆనించి నవ్వాడు.

అతని తండ్రి దేవయ్యకు అది మొదటి నుంచీ నచ్చలేదు. మోకాళ్లు పట్టేసేదాకా దేవయ్య కూడా చెట్లెక్కినవాడే. వాళ్ల ఊరు మేడిపల్లిలో తాటివనం గీసేవాళ్లకు ఒక పద్ధతి ఉండేది. పైకి చేరినవాడు ఒక కూత వేయాలి, పక్క చెట్టువాడు మారుకూత వేయాలి. దిగేముందు మళ్లీ ఒకటి. జవాబు రాకపోతే కత్తులు వదిలేసి ఉరికేవాళ్లు. డబ్బా వచ్చాక మహిపాల్ కూత మానేశాడు.

"ఏందిరా, నోరు పడిపోయిందా? కూతెయ్యవు?" అని దేవయ్య నిలదీశాడు.

"పాట ఇనస్తలేదా బాపూ? పాటున్నదంటే నేనున్నట్టే. నువ్వు కూసీ కూసీ గొంతు పోగొట్టుకున్నవ్. నా బదులు గిది కూస్తది."

"కూస్తది సరే. నేను మల్ల కూస్తే పలుకుతదా?"

"పలుకది. నీ లెక్క తిట్టది గూడ."

చేటలో బియ్యం ఏరుతున్న లచ్చవ్వ కిసుక్కుమంది. "నీ కాలంల లేకపాయెనని కుళ్లు నీకు, ముసలోడా!" అని మొగుణ్ని దెప్పింది.

కల్పనకైతే ఆ డబ్బా కొండంత ధైర్యం. ఆమె పుట్టింది సిరిసిల్లలో. తండ్రి రాజమౌళి సాంచల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేసేవాడు. తొమ్మిదిలో బడి మానేసి తనూ కండెలు చుట్టింది. ఆ వాడలో మగ్గాల చప్పుడు నడుస్తున్నంతసేపు ఎవరూ తలెత్తరు. ఆగితేనే పోగు తెగిందో, కరెంటు పోయిందో అని లేచి చూస్తారు. ఆ అలవాటే అత్తగారింటికి తెచ్చుకుంది. ఇంటి వెనకే తాటివనం. పక్కన చిన్నారి కూతురు సౌమ్యను పడుకోబెట్టుకుని వాకిట్లో బీడీలు చుట్టేది. పైనుంచి పాట వస్తుంటే చేతిలో ఆకు తప్ప ఇంకేమీ చూసేది కాదు. పాట ఆగితే మాత్రం లేచి చెట్ల వైపు చూసేది.

ఆ రోజు ముసురు పట్టింది. సాయంత్రం మహిపాల్ చెట్టెక్కి, ఎప్పటిలాగే డబ్బాను మట్టకు తగిలించాడు. పాట మొదలైంది. ఒకటి అయ్యింది, ఇంకొకటి అందుకుంది. కల్లు కోసం వచ్చినవాళ్లు చెట్ల కింద చేరారు.

"మహిపాలూ! దిగుతవా, మమ్ములనే ఎక్కుమంటవా?"

"పాట ఒడిసేదాక దిగడే వాడు. మీద రెండో పెండ్లి గిట్ల కుదిరిందో ఏమో!"

ఆ నవ్వులు వాకిట్లోకి వినబడ్డాయి. కల్పన కూడా నవ్వుకుంది. కాసేపటికి వాళ్లలో ఒకతను పొద చాటుకు పోయాడు. అతని కేక విని ఆమె ఉరికింది. చెట్టుకు అవతలి పక్క, తడిగడ్డిలో మహిపాల్ వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. తడి చెట్టు మీద కాలు జారితే నడుముకు చుట్టిన మోకు ఆపలేకపోయింది. పైన డబ్బా హుషారుగా పాడుతూనే ఉంది.

జగిత్యాల ఆసుపత్రిలో డాక్టరు అడిగిన మొదటి మాట, "ఎప్పుడు పడ్డాడు?" అది ఒక్కరికీ తెలియదు.

తర్వాత మహిపాలే చెప్పాడు. "మీరు నవ్వుడు ఇనచ్చింది. పిలిచిన. నా గొంతుకంటే పాట గొంతే పెద్దగ ఉండె."

నడుము కింద ఇక ఏదీ కదల్లేదు. 'నేను చెప్పలేదా' అని దేవయ్య ఒక్కమాట అనలేదు. అననందుకే కల్పనకు ఆయన ముఖం చూడాలంటే భయమేసేది.

ఇల్లు గడవాలి. కల్పన కోరుట్లలో చీరల దుకాణంలో పనికి కుదిరింది. లచ్చవ్వ మనవరాలిని వెంటబెట్టుకుని నాట్లకు పోతుంది, దేవయ్య మేకల వెంట పోతాడు. పగలంతా మహిపాల్ ఒక్కడే, డబ్బాతో.

ఒకరోజు ఆమె బస్సు దిగి వస్తుంటే పాట వీధి మొదట్లోకే వినబడింది. పక్కింటి ప్రవీణ అరుగు మీద కూర్చుని ఉంది. "మీ ఆయనకేందే పిల్లా, రాజు లెక్క పండుకొని పాటలు ఇంటుండు. మాకే లేదు ఆ నసీబు!" అంది.

కల్పన తలుపు తోసింది. మహిపాల్ నేల మీద బోర్లా ఉన్నాడు. నీళ్ల చెంబు ఒలికి బట్టలన్నీ తడిసి ఉన్నాయి. చెంప మట్టికి అంటుకుపోయింది. కుడిచేతి దగ్గరే డబ్బా. ప్రవీణను పిలిచి, ఇద్దరూ కలిసి అతన్ని మంచం మీదికి ఎత్తారు.

"ఎప్పుడు పడ్డవ్?" డాక్టరు మాటే కల్పన నోట వచ్చింది.

"అన్నం తిన్నంక."

"గప్పటిసంది? గోడ అవుతలనే అక్క ఉన్నదాయె, పిలిస్తే రాకపోవునా?"

"పిల్వ బుద్ధి గాలే."

"డబ్బా బంద్ చేసినా, ఏమైందోనని ఎవలన్న వత్తురు గదయ్యా!"

మహిపాల్ ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. "సౌండు నేనే పెంచిన. ఎవలు రావద్దనే."

ప్రవీణ కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్లిపోయింది.

కల్పన ఆ డబ్బాను బియ్యం డ్రమ్ములో దాచేసింది. ఇంట్లో చప్పుడు లేదు. మహిపాల్ ముద్ద ముట్టలేదు. సౌమ్య వచ్చి "బాపూ" అని గుంజినా తల తిప్పలేదు. చివరికి దేవయ్యే కోడలి దగ్గరికొచ్చాడు. "ఇచ్చెయ్యి బిడ్డా. అది లేకుంటే వాడు గిప్పుడే పోయేటట్టున్నడు," అన్నాడు. ఆ డబ్బాను చూస్తే పళ్లు నూరే మనిషి.

ఆమె ఇచ్చేసింది. మహిపాల్ బొటనవేలు మీటను వెతికింది, ఒక పాట దాటేసి ఇంకోటి పెట్టింది. రోజు మొత్తంలో అతను మనసుపెట్టి కదిపేది ఆ వేలొక్కటే. అది కదలడానికి డబ్బా కావాలి. అతను దాక్కోవడానికీ ఆ డబ్బానే ఉంది.

ఇప్పుడు దుకాణంలో ఏ పాట మోగినా చీర మడత పెడుతున్న కల్పన చేతులు ఆగిపోతాయి. మంచం పక్కన ఒక ఫోను పెట్టి వస్తుంది, చేస్తే మహిపాల్ ఎత్తడు. ప్రవీణకు చేస్తే "చూసొస్త" అంటుంది, కానీ ఆమెకూ కూలి ఉంటుంది.

మీరు కోరుట్ల నుంచి మేడిపల్లి దిక్కు పోతే, తాటివనం ముందర ఒక రేకుల ఇల్లు కనబడుతుంది. పాట వినబడితే, బాగున్నాడులే అని దాటిపోకండి. తలుపుకు గొళ్లెం ఉండదు. వాకిట్లో నిలబడి గట్టిగా ఒక కూత వేయండి. పాట కాదు, మనిషి పలకాలి. పలకకపోతే లోపలికి పోయి చూడండి.