మూడో సీమ్‌లో సర్దారు

ఉదయం ఎనిమిదింపావుకు అంజన్న డ్యూటీకి బయల్దేరతాడు. కాళ్లకు గనిబూట్లు, నెత్తిన టోపీ, టోపీకి ల్యాంపు, చేతిలో ఆరడుగుల కర్ర. పక్క క్వార్టర్ నుంచి బాలలక్ష్మి టిఫిన్ డబ్బా తెచ్చి గడప మీద పెడుతుంది.

"ఇయ్యాల ఏ ఆటల పడ్డదే అన్నా మస్టర్?" అని అడుగుతుంది. మస్టర్ అంటే గనివాళ్ల భాషలో హాజరు.

అంజన్న పేరు చెబుతాడు. ఆమెకు సగం పేర్లు నోరు తిరగవు. అతను ముందుగదిలోని టీవీ ఎదుట నిలబడి, నడుం వంచి, కుడికాలు ముందుపెట్టి తెర లోపలికి వెళ్తాడు. రెండింటికి తిరిగొస్తాడు. డబ్బా కడిగి ఉంటుంది.

అంజన్న బెల్లంపల్లి గనుల్లో ముప్పై నాలుగేళ్లు పనిచేసి సర్దారుగా రిటైరయ్యాడు. మనుషులు పనిలోకి దిగేముందు సర్దారు కర్రతో గని పైకప్పును తట్టి చూడాలి. గట్టి కప్పు గంటలా మోగుతుంది. డొల్ల కప్పు పగిలిన కుండలా పలుకుతుంది. గట్టిదైతే పక్క బండ మీద సుద్దముక్కతో తారీఖు వేసి సంతకం చేయాలి. ఆ తారీఖు చూశాకే మిగతావాళ్లు అడుగు వేస్తారు. రిటైరైన మూడో నెల నుంచి అతను కూతురి వీడియో గేముల్లోకి వెళ్తున్నాడు. కాలనీలో దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోలేదు. రిటైరయ్యాక కొందరు కిరాణా కొట్టు పెడతారు, కొందరు ఆటో కొంటారు.

కూతురు నర్మదకు ఇరవై తొమ్మిదేళ్లు. కొత్తగా వచ్చే గేములు ఆడి, ఎలా ఉన్నాయో యూట్యూబ్‌లో చెబుతుంది. ఆమె చానల్ పేరు 'గట్టి–డొల్ల'. నలభై రెండు వేల మంది చూస్తారు. మార్కులు ఇవ్వదు. గట్టివి ఇవి, డొల్లవి ఇవి అని చెప్పి ఊరుకుంటుంది. ఈ పద్ధతి తండ్రిది. లోపలి కబురు కూడా చాలావరకు తండ్రిదే.

"గా సముద్రపు దొంగల ఆటల కోట ఉత్తదే బిడ్డా," అని చెబుతాడు అంజన్న, బూట్లు విప్పుతూ. "బండలన్నీ డొల్ల. జలపాతం మాత్రం మంచిగున్నది. డబ్బా ఆడనే కడిగిన."

నర్మద తల్లి పోయి ఆరేళ్లు. ఆ డబ్బా అప్పటి నుంచీ బాలలక్ష్మే ఇస్తోంది. ఆమె భర్త అంతయ్య అంజన్న కింద పనిచేసేవాడు. ఇరవై ఏడేళ్ల కింద మూడో సీమ్‌లో, అంటే మూడో బొగ్గుపొరలో, కప్పు కూలి చనిపోయాడు. కప్పు తట్టి చూశారని, అది చెప్పకుండా కూలిందని కాగితాల్లో రాశారు. బాలలక్ష్మి కూడా అదే నమ్మింది.

రంజిత్‌ది నస్పూర్. పాలిటెక్నిక్‌లో నర్మదతో చదివాడు. ఆరుగురితో ఒక చిన్న కంపెనీ పెట్టి, మూడేళ్లు కష్టపడి 'మూడో సీమ్' అనే సాహసాల గేమ్ తయారు చేశాడు. దానికోసం పోయిన ఎండాకాలం ఎనిమిది ఆదివారాలు అంజన్న ముందు కూర్చున్నాడు. ల్యాంపు ఎంత దూరం కొడుతుంది, కప్పు కింద నిలబెట్టిన కలప దిమ్మె విరిగే ముందు ఎట్లా కిర్రుమంటుంది, ఎలుకలు ఎటు పరిగెత్తితే మనుషులు ఎటు పరిగెత్తాలి, అన్నీ అడిగి ఫోన్‌లో రికార్డు చేసుకున్నాడు. బాలలక్ష్మి చేసిన సర్వపిండి తిని, ఆమె పెళ్లి ఫోటోకు కూడా ఫోటో తీసుకున్నాడు.

"అంతయ్యను హీరోకు అన్నను చేస్తున్న అత్తా," అన్నాడు. "దునియంత చూస్తది."

"ఆయన ఫోటో దిగుడంటేనే సిగ్గుపడేటోడు బిడ్డా," అని ఆమె నవ్వింది.

గేమ్ శుక్రవారం సాయంత్రం ఆరింటికి విడుదల. నర్మదకు సోమవారమే పంపాడు. "మొదటి మాట నీదే కావాలె," అన్నాడు ఫోన్‌లో. "శుక్రవారం పొద్దున పెట్టు. గట్టి అంటే నేను బతుకుత, డొల్ల అంటే సస్త."

అంజన్న సోమవారం లోపలికి వెళ్లి ముఖం వెలిగిపోతూ వచ్చాడు. "కప్పు నిజం కప్పే. తడితే చెయ్యి జుమ్మన్నది. పోరడు నేర్చుకున్నడే!"

నర్మద నోట్‌బుక్‌లో గట్టి కింద రాసుకుంది: చీకటి. ల్యాంపు బ్యాటరీ తగ్గేకొద్దీ వేగం పెంచుకోవాల్సి రావడం. నీళ్ల చప్పుడు. బొగ్గు టబ్బుల మీది నుంచి దూకేటప్పుడు చేతికి తెలిసే బరువు. డొల్ల కింద రాసుకుంది: ఎలుకలతో పోరాటాలు మరీ ఎక్కువ. నాలుగో అధ్యాయంలో ఊరికే తాళంచెవులు వెతికిస్తారు. గోడ ఎక్కేటప్పుడు కెమెరా వీపుకు అతుక్కుంటుంది.

బుధవారం అంజన్న పదకొండింటికే బయటికొచ్చాడు. డబ్బా తెరవలేదు. బూట్లతోనే మంచం మీద కూర్చున్నాడు.

"ఏమైంది బాపూ?"

"ఆఖరిది నువ్వే చూస్కో," అన్నాడు.

నర్మద చివరి అధ్యాయం ఆడింది. మూడో సీమ్ మలుపులో ఒక సర్దారు నిలబడి ఉన్నాడు. ఎడమకాలు కొంచెం ఈడుస్తాడు. అంజన్న కూడా ఈడుస్తాడు. పేరు కూడా అదే. అతను కర్ర ఎత్తలేదు. సుద్దముక్కతో బండ మీద తారీఖు వేసి, "గట్టిగనే ఉన్నది, పొండ్రి," అన్నాడు. అంతయ్య పెళ్లి ఫోటోలోని ముఖంతో లోపలికి వెళ్లాడు. కప్పు కూలింది. తర్వాత చీకట్లో సర్దారు గొంతు వినిపించింది. "షిఫ్టు లేటైతున్నది. దినాం గట్టిగుండేదే, ఇయ్యాల ఉండదా అనుకున్న. తారీఖు ఏసిన. కర్ర ఎత్తలే." అది నటుడి గొంతు కాదు, తండ్రిది. దగ్గు కూడా ఆయనదే. అక్కడి నుంచి హీరో పని ఆ సర్దారును వెంటాడి చంపడం.

ఆమె కంట్రోలర్ కింద పెట్టింది.

"నిజమేనా?"

"నిజమే."

"నాకెప్పుడూ చెప్పలే."

"నీకు ఎట్ల చెప్త బిడ్డా. కర్ర నేర్పిందే నేను." అంజన్న బూట్ల వైపు చూస్తూ మాట్లాడాడు. "ఒక్కసారన్న ఎవరికన్న చెప్పాలనిపించింది. ఆ పోరడు మన కాలనోడు కాడు, చెప్పినా ఆనితోనే పోతదనుకున్న. ఫోన్ బోర్ల ఏసిండు. బంద్ చేసిండనుకున్న."

నర్మద రంజిత్‌కు ఫోన్ చేసింది.

"కాకా చెప్పిందే పెట్టిన," అన్నాడు రంజిత్. "ఒక్క మాట కల్పియ్యలే."

"నీ ఆట కోసం చెప్పలే ఆయన."

"పేరు మారుద్దామనుకున్న. మారిస్తే గొంతుకు పెదవులు కలుస్తలేవు. టైం లేకుండె. అవన్నీ ఇడిసిపెట్టు. ఆటలు తూచేదానివి నువ్వు. నువ్వే చెప్పు నర్మదా, గా సీను డొల్లనా?"

నర్మద ఫోన్ పెట్టేసింది. డొల్ల కాదు. గేమ్ మొత్తంలో అంతకంటే గట్టి సీను లేదు. డొల్ల అంటే చానల్ పెట్టాక ఆమె చెప్పే మొదటి అబద్ధం అవుతుంది. గట్టి అంటే, ఆమె ప్రతి వీడియో కళ్లద్దాలు పెట్టుకుని చూసే బాలలక్ష్మికి భర్త ఎలా పోయాడో ఆమె నోటి నుంచే తెలుస్తుంది.

గురువారం అంజన్న డ్యూటీకి వెళ్లలేదు. ఆ సాయంత్రం నర్మద అతనితో ఒకే మాట అంది. "రేపు పొద్దున నేను ఉన్నదున్నట్టు చెప్త. అంతకు ముందు నువ్వు చెప్పు."

శుక్రవారం బాలలక్ష్మి డబ్బా తేకముందే అంజన్న ఆమె గడప ముందుకు వెళ్లాడు. టోపీ తీసి చేత పట్టుకున్నాడు. నర్మదకు మాటలు వినిపించలేదు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. బాలలక్ష్మి చేతిలో డబ్బా ఉంది. ఆమె దాన్ని లోపలికి తీసుకుపోయి తలుపు వేసుకుంది.

అంజన్న తిరిగొచ్చి టోపీ పెట్టుకుని, ల్యాంపు వెలిగించాడు.

"ఎక్కడికి బాపూ?"

"మూడో సీమ్‌కు. అంతయ్య షిఫ్టుల."

కుడికాలు ముందుపెట్టి వెళ్లాడు. నర్మద తెర మీద చూస్తూ కూర్చుంది. అతను ఎడమకాలు ఈడుస్తూ మలుపు దాకా నడిచి, అక్కడున్న సర్దారును భుజం పట్టి పక్కకు జరిపాడు. కర్ర ఎత్తి కప్పును తట్టాడు. పగిలిన కుండ చప్పుడు. ఇంకోచోట తట్టాడు. అదే చప్పుడు. బండ మీది తారీఖును మోచేత్తో తుడిచేసి, కర్రను దారికి అడ్డంగా పట్టుకుని నిలబడ్డాడు. అంతయ్య వచ్చి ఆగాడు.

"డొల్ల. ఎన్కకు పో," అన్నాడు అంజన్న.

అంతయ్య పక్కన పడి ఉన్న దిమ్మె మీద కూర్చున్నాడు. గేమ్‌లో కథ ముందుకు కదల్లేదు.

నర్మద తొమ్మిదిన్నరకు వీడియో పెట్టింది. గట్టివి అయిదు చెప్పింది, చివరి సీనుతో కలిపి. డొల్లవి మూడు చెప్పింది. తర్వాత ఇలా అంది. "ఇందులోని సర్దారు మా నాన్న. ఆ తప్పు ఆయన చేసిందే. ఆ గొంతు ఆయనదే. దాన్ని ఆయన్ని అడగకుండా పెట్టారు. ఇంకొకటి. చివరి అధ్యాయంలో కప్పు డొల్ల. సర్దారు తట్టి చూశారు. ఎవరూ దాటలేరు."

రెండింటికి అంజన్న రాలేదు.

రాత్రి పన్నెండింటికి రంజిత్ ఫోన్ చేశాడు. అప్పటికే ఆఖరి అధ్యాయం దాకా ఆడినవాళ్లంతా డబ్బు వాపసు అడుగుతున్నారు. ఏ ఊళ్లో ఆడినా అదే మలుపు, అదే కర్ర.

"నర్మదా, కోడ్ మొత్తం ఎతికినం. ఆయన ఏడా లేడు. మల్ల తెర మీద ఉన్నడు! కాకాను బయటికి పిలువు. నీ కాళ్లు మొక్కుత."

"డ్యూటీల ఉన్నడు," అంది నర్మద. "షిఫ్టు ఎప్పుడు దిగుతదో నాకెర్కలే."

శనివారం ఎనిమిదింపావుకు బాలలక్ష్మి వచ్చింది. ఇన్నేళ్లలో మొదటిసారి గడప దాటి టీవీ దాకా వచ్చి నిలబడింది. కళ్లద్దాలు తుడిచి పెట్టుకుంది. తెరలో అంతయ్య దిమ్మె మీద కూర్చుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు. ముప్పై ఏళ్లవాడు. ఆమెకు యాభై ఆరు.

చాలాసేపు చూసింది. తర్వాత డబ్బా నర్మద చేతిలో పెట్టింది. ఒక్కటే డబ్బా.

"ఇది ఆయనకు," అంది. "మీ బాపుకు నువ్వే అండిపెట్టు."

నర్మద మోకాళ్ల మీద కూర్చుని, చేయి మోచేతి దాకా తెరలోకి పెట్టి డబ్బా అందించింది. అంజన్న అందుకున్నాడు. మూత తీయకుండా, వాసన చూడకుండా, వెనక్కి తిరిగి అంతయ్యకు ఇచ్చాడు. ఆ తర్వాత కర్ర ఎత్తి మళ్లీ కప్పును తట్టాడు.