సోమవారం కనిపించిన తప్పు

“అలేఖ్యను చూసి నేర్చుకోరాదు,” అన్నాడు వెంకటేశ్, సాక్సులు తొడుక్కుంటూ. “రెండు దినాలల్ల మూడు టూల్స్ నడిపి చూసి, పట్టిక జేసి పెట్టింది. నువ్వింక గా పాత బగ్గుల మీన్నే ఉన్నవ్.”

మమతారాణి మూడో టిఫిన్ డబ్బాకు మూత పెడుతోంది. సరిగ్గా పడలేదు. తీసి మళ్ళీ నొక్కింది. ఒక డబ్బా మొగుడు వెంకటేశ్‌ది, ఒకటి కూతురు ప్రవళికది, ఒకటి తనది. అత్తమ్మ కనకవ్వకు జొన్నరొట్టె మెత్తగా చేసి, పక్కన షుగరు గోలీ పెట్టాలి. ఇవన్నీ అయ్యాక తొమ్మిదిన్నరకు, కరీంనగర్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో వెంకటేశ్ టీం లీడ్‌గా, ఆమె అతని కింద టెస్టర్‌గా కూర్చుంటారు. పెళ్ళికి ముందు ఆమె కోడ్ రాసేది. ప్రవళిక పుట్టాక ఆరేళ్ళు ఇంట్లో ఉండి తిరిగి వస్తే, “టెస్టింగ్ ఐతే అల్కగుంటది, ఇల్లు గూడ చూసుకోవచ్చు” అని వెంకటేశే ఆ కుర్చీ చూపించాడు.

రెండేళ్ళ కిందట అదే టీంలో చేరిన అలేఖ్యకు ఇరవై నాలుగేళ్ళు. సుల్తానాబాద్ నుంచి స్కూటీ మీద వస్తుంది. ఆమె డబ్బా వాళ్ళమ్మ కడుతుంది. హెల్మెట్ తీసి జుట్టు విదిలించుకుని, నేరుగా కంప్యూటర్ ముందు కూర్చుని, మధ్యాహ్నం దాకా తల ఎత్తదు. ఆ తల ఎత్తకపోవడమే మమతకు ఒళ్ళంతా మంట పుట్టించేది. తన తల గంటకోసారి లేవాలి. బడి నుంచి ఫోను, గ్యాసు బండి వాడి ఫోను, “గోలీ యాడ వెట్టినవే” అని అత్తమ్మ ఫోను. నాకూ అంతసేపు ఇవ్వండి, పొద్దంతా ఒకే ఆలోచనలో ఉండనివ్వండి, అప్పుడు చూద్దాం ఎవరి పట్టిక బాగుంటుందో అని లోలోపల ఉడికిపోయేది. ఆ పిల్ల నవ్వినా ఓర్వలేకపోయేది. కొత్త చెప్పులు వేసుకొస్తే, వాటిని కూడా తన దగ్గరి నుంచే లాక్కున్నట్టు చూసేది. ఆ చూపు తనకే సిగ్గుగా ఉండేది, అయినా ఆగేది కాదు.

పని పెద్దపల్లి, మంథని వైపు రైతులది. వడ్లు అమ్ముకోవడానికి ఫోన్లోనే టోకెన్ తీసుకునే వెబ్ అప్లికేషన్. మంథని దగ్గర ఎవరి ఫోన్లోనో పేజీ ఆగిపోతే, ఎందుకు ఆగిందో కరీంనగర్లో ఎవరికీ అంతుపట్టదు. అందుకని తప్పును పట్టించే డీబగ్గింగ్ టూల్ కావాలి. అదీ ఓపెన్ సోర్స్‌ది కావాలి, ఎందుకంటే దాని కోడ్ విప్పి చూసుకోవచ్చు, రైతుల వివరాలు తమ సర్వర్ దాటి పోవు. చూసిన మూడింటిలో ఒకటి తప్పు జరిగిన చోటును రాసి పెడుతుంది, అంతే. ఇంకొకటి పేజీ మీద నొక్కిన దగ్గర నుంచి డేటాబేసు దాకా వెంట నడిచి, ఎక్కడ ఎంతసేపు ఆలస్యమైందో చూపిస్తుంది. మూడోది రైతు తెర మీద చేసిందంతా సినిమాలా రికార్డు చేస్తుంది. అలేఖ్య మూడోది ఎంచింది. వెంకటేశ్ “సూపర్” అన్నాడు. గురువారం పెద్దపల్లిలో రైతు సంఘం కార్యదర్శి హనుమండ్లుకు చూపించాలి.

సోమవారం మధ్యాహ్నం మమత ఆ టూల్‌ను పరీక్షిస్తూ, రైతులా తన ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు కొట్టింది. తర్వాత రికార్డు నడిపి చూసింది. ఒక్కో అంకె, తను కొట్టినట్టే, తెర మీద పడుతూ వచ్చింది. నంబర్లను దాచే ఏర్పాటు టూల్‌లో ఉంది గానీ ఎవరూ దాన్ని ఆన్ చేయలేదు. ఈ రికార్డు ఎవరు తెరిచినా వేలమంది రైతుల నంబర్లు చేతిలో పడతాయి.

మొట్టమొదట ఆమెకు కలిగింది సంతోషం.

హనుమండ్లు మామూలు మనిషి కాదు, కాగితం మీద చుక్క తేడా వచ్చినా పట్టుకుంటాడు. గురువారం అందరి ముందు అడుగుతాడు. అలేఖ్య మొహం పాలిపోతుంది. మమత తెర మీది రికార్డును మూసేసింది. రిపోర్టు రాయలేదు.

మంగళవారం పొద్దున రొట్టె కాలుస్తుంటే కనకవ్వ అంది, “ఏందే, ఇయ్యాల కూనిరాగం తీస్తున్నవ్?”

మమత చెయ్యి పెనం మీదే ఆగిపోయింది.

బుధవారం భోజనాల దగ్గర అలేఖ్య వచ్చి పక్కన కూర్చుంది. “అక్కా, జర నువ్వోసారి చూడరాదు. నాకు పరేషాన్ ఐతుంది. సార్ టూల్ తెరువనన్న తెరువలే, మంచిగుంది అన్నడు గంతే. నువ్వు రాసిన పాత రిపోర్టులు చదివే నేను టెస్ట్ చేసుడు నేర్చుకున్న.”

మమత ముద్దను డబ్బాలోనే వదిలేసింది. “సార్ నిన్ను మస్తు మెచ్చుకుంటడు గద.”

“నన్నా?” అలేఖ్య చప్పున నవ్వింది. “సాయంత్రం ఆరింటికి ఇంటికి పోదామని లేస్తే చాలు, మమతను చూసి నేర్చుకో అంటడు. ఇల్లు సూస్తది, పిల్లను సూస్తది, అత్తను సూస్తది, అయినా ఎదురు మాట్లాడది అంటడు. నిన్ను సూస్తే నాకు కుళ్ళక్కా. నిజం చెప్తున్న.”

రెండేళ్ళుగా తను మోసిన మంట ఇంకో ప్రాణంలో కూడా అలాగే రగులుతోందని, ఇద్దరి పొయ్యిలోకీ కట్టెలు తోసింది ఒకే చెయ్యి అని మమతకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ ఆ చేతికి వేడివేడిగా అన్నం వడ్డించింది.

డబ్బా మూసి లేచింది. “రా, ఒకటి చూపిస్త.”

రికార్డులో మమత ఆధార్ అంకెలు పడుతుంటే అలేఖ్య నోరు తెరిచింది. “ఇదెప్పుడు చూసినవ్?”

అబద్ధం చెప్పడం తేలిక. “సోమవారం.”

“సోమవారమా? మరి చెప్పలే?”

“చెప్పలే. నువ్వు పడిపోతే చూద్దామనుకున్న.”

అలేఖ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. కుర్చీ దగ్గరకు లాక్కుని, “రేపటికల్ల మార్చాలె,” అంది, అంతే. సాయంత్రం దాకా ఇద్దరూ పనికి సంబంధించిన మాటలే మాట్లాడుకున్నారు. ఒక్క పూటలో ప్రతి పేజీలో నంబర్లు దాచడం కుదరదని, రికార్డు చేసే టూల్ తీసేశారు. వెంట నడిచే టూల్‌ను పెట్టి, అది రాసుకునే వాటిలో నంబర్లేవీ లేకుండా చూశారు. మంథని ఫోన్ల ఇబ్బంది గంటలో దొరికింది. పాత ఫోన్లలో ఫోటో ఎక్కించే చోట పేజీ ఆగిపోతోంది.

గురువారం పెద్దపల్లిలో హనుమండ్లు అడగనే అడిగాడు. “మా రైతుల నంబర్లు మీకు కనవడుతయా?”

“కనవడయ్. అన్నీ ఆలోచించే నేను గీ టూల్ తీసుకున్న,” అన్నాడు వెంకటేశ్.

మమత హనుమండ్లు వైపు తిరిగింది. “ఎంపిక చేసింది నేను, అలేఖ్య. సార్ ఇంక తెరిచి చూడలే.”

బయటికొచ్చాక వెంకటేశ్ కారు తలుపు తీసి పళ్ళు కొరికాడు. “గంతమంది ముందల గట్లంటవా? ఎక్కు. ఇంట్ల అవ్వ ఒక్కతే ఉన్నది.”

“మీ అవ్వే గద. మీరు పోండ్రి. నేను బస్సుల వస్త.”

అలేఖ్య కూడా ఆమెతో బస్సే ఎక్కి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది. సుల్తానాబాద్ వచ్చింది. లేస్తూ అంది, “ఇంకోసారి ఏమన్న కనవడితే?”

“గప్పుడే చెప్త.”

అలేఖ్య తలూపి దిగిపోయింది. ఎవరికీ ఫోన్ చేయకుండా, తన ఇష్టం వచ్చిన నడకతో వెళ్ళిపోతున్న ఆ పిల్లను చూస్తే మమతలో ఆ కుళ్ళు ఇప్పటికీ చురుక్కుమంది. అది పోయేలా లేదు. పోనక్కర లేదేమో కూడా. తనకు కావలసిందేమిటో ఇన్నేళ్ళుగా చెబుతూ వచ్చింది అదొక్కటే.

ఫోన్ తీసి కంపెనీ యజమానికి మెయిల్ రాసింది. “ఇకపై నేను టెస్టింగ్ చేయను. వెంకటేశ్ గారి కింద కాకుండా, అలేఖ్యతో సమానంగా కోడ్ రాసే పని ఇవ్వండి.” వెంకటేశ్‌కు కూడా అందేలా అతని పేరు చేర్చి, పంపింది.