కడిగిన గ్లాసు

మా బావ ఎలా చచ్చిపోయాడో ఈ ఊళ్లో అందరూ చెబుతారు. తెలిసినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

బావ మిల్లు కార్మికుల లీడరు. సమ్మె జోరుగా సాగుతున్న రోజుల్లో ఒక పొద్దున టీ తాగి, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. డాక్టరు కోసి చూసి, కారణం తేలలేదని రాశాడు. దాంతో ఆయన పని అయిపోయింది. ఊరి పని మొదలైంది.

మొదట అందరూ మిల్లు యజమాని పేరే చెప్పారు, అదీ తలుపులు వేసుకుని. సమ్మె విరిగి మళ్లీ ఆయన దగ్గరే పనిలో చేరాక ఆ పేరు ఎవరి నోటా రాలేదు. మరి ఎవరో ఒకరి పేరు కావాలి కదా. మా అక్క దొరికింది. ఆమెకు యూనియన్ లేదు, లాయరు లేడు, పిల్లలు లేరు. అనుమానించడానికి ఇంతకంటే వీలైన మనిషి ఎక్కడ దొరుకుతుంది.

సాక్ష్యం ఏమిటంటే, అక్క గ్లాసు కడిగింది. అప్పట్లో మా వీధి కుళాయికి పొద్దున కాసేపే నీళ్లొచ్చేవి. కుళాయి చప్పుడు వినపడితే ఏ ఇంట్లోనూ ఎంగిలి గిన్నె మిగిలేది కాదు. అక్క మరీను. మనం చివరి గుక్క మింగేలోపే గ్లాసు చేతిలోంచి లాక్కుపోయే రకం. ఆ పొద్దున బావ దగ్గర కూడా అలాగే లాక్కుని కుళాయి దగ్గరికి పరుగెత్తింది. కడుక్కుని వచ్చేసరికి ఆయన లేడు. పోలీసులొచ్చి ఆయన తాగిన గ్లాసేదని అడిగితే, బోర్లించిన గ్లాసు చూపించింది. తళతళలాడుతోంది. ఆ తళతళే ఆమె కొంప ముంచింది.

వీధిలో అందరూ ఆ పొద్దున గ్లాసులు కడిగారు. వాళ్ల మొగుళ్లు బతికున్నారు కాబట్టి అవి ఉత్త గ్లాసులు.

ఆ తర్వాత ఎవడి పనిముట్టుతో వాడు మా బావను చంపాడు. టైలరు దిండుతో నొక్కి చంపాడు, ఆ దిండు గలీబు కుట్టింది తనేనట. మందుల షాపాయన పొడి కలిపి చంపాడు. తాళాలు బాగుచేసేవాడు పెరటి తలుపు గడియ తీసి మనిషిని లోపలికి పంపించాడు. చౌరస్తాలో బావకు విగ్రహం పెట్టి, దాని నీడనే కూర్చుని ఈ కబుర్లు చెప్పుకునేవారు. ఋజువు లేక అక్కను జైల్లో పెట్టలేదు. కానీ అప్పటినుంచి ఆమె చేతి నీళ్లు వీధిలో ఎవరూ తాగలేదు.

నేను తాగుతాను. "నువ్వు తాగితే లెక్కలోకి రాదురా, తమ్ముడివి కదా" అంటుంది అక్క. నేనేమీ అనను. మిల్లులో మిషన్లకు నూనె పోసేవాణ్ణి. ఆ మోతలో మాట్లాడి లాభం లేదు కనక మాట్లాడే అలవాటే పోయింది.

ఈ మధ్య బావ చావు మీద పుస్తకం రాస్తానని ఒకాయన దిగాడు. అందరినీ అడిగాడు. కోర్టుకూ ఆసుపత్రికీ తిరిగాడు. చివరికి అక్క తప్పేమీ లేదని రాశాడట. అచ్చయిన పుస్తకం ఇవ్వడానికి వస్తున్నానని కబురు పెట్టాడు.

అక్క బీరువాలోంచి మంచి గ్లాసులు తీసి తుడిచింది. "ఈయన తాగుతాడురా. రాసినవాడే తాగకపోతే ఇంకెవరు తాగుతారు" అంది. ఆ ముసలిదాని మొహం అంత వెలిగిపోవడం చూసి ఎన్నేళ్లయిందో.

పుస్తకమాయన వచ్చాడు, వెంట ఒక ఫొటోగ్రాఫరు. వినోదం కదా, పక్కింటి టైలరు కూడా పిలవకుండానే దూరాడు. ఎండకు ముగ్గురి చొక్కాలూ తడిసి ఉన్నాయి.

"అమ్మా, మీరు నిర్దోషి. ఇన్నేళ్లకు నేను తేల్చాను."

"చంపిందెవరో కూడా తేలిందా బాబూ?"

"అది తేలదమ్మా. అసలు ఎవరైనా చంపారో లేదో కూడా తేలదు. మీరు కాదన్నది మాత్రం తేలింది."

"అదైనా చాలు. నీళ్లు తాగండి."

గ్లాసులు వాళ్ల ముందు పెట్టింది. ఫొటోగ్రాఫరు సంచీలోంచి తన సీసా తీసి చూపించాడు, బయటి నీళ్లు తనకు పడవట. టైలరుకు ఉన్నట్టుండి గొంతు నొప్పి వచ్చింది. పుస్తకమాయన గ్లాసు అందుకున్నాడు. అక్క కళ్లు ఆ గ్లాసు మీదే ఉన్నాయి.

"సార్, గ్లాసు అలాగే పట్టుకుని అమ్మగారి పక్కకు రండి" అన్నాడు ఫొటోగ్రాఫరు. ఆయన వచ్చి నవ్వాడు. ఫొటో తీశారు. గ్లాసు మళ్లీ బల్ల మీదికి వెళ్లింది, నిండుగా.

"తాగండి బాబూ."

"ఇప్పుడే హోటల్లో తాగొచ్చానమ్మా."

మెడ మీది చెమట కాలర్‌లోకి కారుతోంది పెద్దమనిషికి. నాకు ఆగలేదు.

"ఏమయ్యా, నీ పుస్తకం నువ్వు చదివావా?"

ఆయన నీళ్లు నమిలాడు. అవి మాత్రం మా ఇంటివి కావు. పుస్తకం బల్ల మీద పెట్టి, ఇంకో పని ఉందని వెళ్లిపోయాడు. మిగతా ఇద్దరూ ఆయన వెనకే.

నేను కూర్చుని ఆ మూడు గ్లాసులూ తాగాను. కడుపు బిందెలా అయింది.

"లెక్కలోకి రాదురా" అంది అక్క.

"తెలుసు."

మర్నాడు చౌరస్తా మీదుగా వస్తుంటే, విగ్రహం కింద టైలరు పదిమందిని కూర్చోబెట్టుకుని చెబుతున్నాడు. "నిర్దోషి అని రాసింది ఆయనే. నీళ్లు ముట్టనిదీ ఆయనే. నా కళ్లతో చూశాను. అంటే పుస్తకంలో రాయకుండా దాచింది ఇంకేదో ఉందన్నమాట." తలలన్నీ ఊగాయి. ఇన్నాళ్లూ వాళ్ల దగ్గర ఒక్క గ్లాసే ఉండేది. ఇప్పుడు రెండోది కూడా దొరికింది, అది నిండుగా ఉన్నది.

ఇంటికొస్తే అక్క టీ ఇచ్చింది.

"చౌరస్తాలో ఏమనుకుంటున్నారురా? పుస్తకం చూశారా ఎవరైనా?"

"చూశారు. బాగుందంటున్నారు."

అక్క నా మొహం చూసింది. ఇప్పుడు మా కుళాయికి రోజంతా నీళ్లే. అయినా గ్లాసు నా చేతిలోంచి లాక్కుని కడగడానికి వెళ్లింది. చివరి గుక్క ఇంకా అందులోనే ఉంది.