ఎండుగడ్డి రంగు

ఫిబ్రవరిలో దూ నది మీద మంచు విరిగి ఆర్మాన్ మునిగిపోయాడు. శవం దొరకలేదు. అతనూ చెల్లెలు ఒదీలూ ఉండే మేడగదిలో కిటికీ కింద ఎదురెదురుగా రెండు పనిబల్లలు ఉండేవి. ఆ అన్నాచెల్లెళ్ళు పెళ్ళీపెటాకులూ లేకుండా అక్కడే కూర్చుని గడియారాలకి పళ్ళచక్రాలు కోస్తూ ముసలివాళ్ళయ్యారు. ఇప్పుడు ఒదీల్ ఒక్కతే మిగిలింది.

మంచు ఇంకా కరగకముందే బడి కాపలాదారు గుస్తావ్ ఒక అరిగిన చక్రం పట్టుకొచ్చాడు.

"బడి గడియారం ఆగిపోయింది. ఈ పళ్ళు కోసే కటర్ ఏ కొట్లోనూ లేదట. నువ్వే చెయ్యాలి, ఒదీల్."

"చేసేవాడు నదిలో ఉన్నాడు," అంది. అన్నదే గాని చక్రం తీసుకుంది.

ఉక్కు కడ్డీ కొసని సగానికి అరగదీసి, రెండు పళ్ళ మధ్య సందు ఎలా ఉందో అచ్చం ఆ ఆకారానికి తేవడం మొదలుపెట్టింది. భూతద్దంలో చూసుకుంటూ సన్న ఆకురాయితో వెంట్రుకవాసి చొప్పున రుద్దింది. తను చెయ్యి ఆపినప్పుడల్లా ఎదుటి బల్ల దగ్గర ఇంకో రుద్దుడు వినిపించి ఆగేది. ఒదీల్ తలెత్తలేదు. ఎత్తితే అక్కడ ఎవరూ ఉండరు. అది చూడటం ఆమెకి ఇష్టం లేదు.

కటర్‌ని ఎర్రగా కాల్చి నూనెలో ముంచింది. అలాగే వదిలేస్తే గాజులా పెళుసు. ఇత్తడి రేకు మీద పెట్టి, కింద దీపంతో మళ్ళీ సన్నసెగ చూపించి, ఎండుగడ్డి రంగు తిరగ్గానే తీసెయ్యాలి. దాటి నీలం తిరిగిందా, మెత్తబడిపోతుంది. ఆ రంగు చూసి చెప్పేది ఎప్పుడూ ఆర్మానే. ఒదీల్ కళ్ళకి గీతలు ఆనతాయి గాని, శుక్లాల వల్ల రంగులన్నీ పాలు కలిపినట్టే ఉంటాయి.

గుస్తావ్ తలుపు దగ్గర నిలబడి కాఫీ తాగుతున్నాడు. రేకు వేడెక్కింది.

"తియ్యవే, తియ్."

పటకారుతో చటుక్కున తీసింది. గుస్తావ్ వైపు తిరిగింది.

"నువ్వా అన్నది?"

గుస్తావ్ కప్పు కింద పెట్టాడు. "నేనేం అనలేదు." ఎదుటి ఖాళీ బల్ల వైపు చూసి, "నాకూ వినపడింది," అన్నాడు.

ఆ కటర్ కోసిన చక్రంతో బడి గడియారం నడిచింది.

మంచు కరిగాక దిగువన పిండిమర దగ్గర ఆర్మాన్ దొరికాడు. పూడ్చిపెట్టారు. ఆ రోజు నుంచి మేడమీద ఏ చప్పుడూ లేదు. ఒదీల్ ఉక్కు ముక్కలు రేకు మీద పెట్టి చెవి ఒగ్గి కూర్చునేది. ఒక్కొక్కటే మాడి నీలం తిరిగేది. ఇంకొకటి పెట్టేది.

ఊళ్ళో ఈ మాట విని గుస్తావ్ మళ్ళీ వచ్చాడు. నీలం ముక్కల కుప్పని చూశాడు. వెళ్ళి ఆర్మాన్ బల్ల దగ్గర కూర్చున్నాడు.

"రంగు నేను చెప్తాను. నువ్వు తియ్యి."

"అది అన్న పీట. లే."

గుస్తావ్ లేచాడు. వెళ్ళిపోలేదు. ఆమె భుజం పక్కన నిలబడి రేకు వైపు వంగాడు.

ఒదీల్ ఇంకో ఉక్కు ముక్క రేకు మీద పెట్టింది. తర్వాత కింద దీపం వెలిగించింది.