దయచేసి నవ్వండి

పొద్దున్నే పళ్లు కూడా తోముకోకుండా పాల ప్యాకెట్ కోసం కిందికి దిగిన మనిషి, తిరిగి తన ఇంటికి తాను వెళ్లాలంటే ఆ పళ్లే బయటపెట్టి నవ్వాలి. మా అపార్ట్‌మెంట్ల గేటుకి కొత్తగా పెట్టిన మిషన్ పద్ధతి ఇది. ఎదురుగా నిలబడితే మొహం చూస్తుంది. "దయచేసి నవ్వండి" అంటుంది. నవ్వితే ఇనుప గేటు పక్కకి జరుగుతుంది. ఎవరూ ఫోటో పెట్టి మోసం చేయకుండానట. ఫోటో నవ్వమంటే నవ్వదు, మనిషి నవ్వుతాడు. మనిషికీ ఫోటోకీ తేడా అంతే అని కంపెనీవాళ్లు తేల్చేశారు.

ఆ రోజు నా ముందు మా ఇంట్లో గిన్నెలు తోమే అక్క నిలబడి ఉంది. పోయిన చలికాలం ఆమెకి మొహంలో ఒక సగం చచ్చుబడింది. నవ్వితే ఒక చెంప పైకి లేస్తుంది, రెండోది గోడలా ఉండిపోతుంది.

"దయచేసి నవ్వండి," అంది మిషన్.

అక్క నవ్వింది. సగమే.

"దయచేసి నవ్వండి."

అక్క కదలని చెంపని వేలితో పైకి నెట్టి పట్టుకుంది.

"దయచేసి చేతులు తీయండి."

మా కాంప్లెక్సులో ఆమెని 'మీరు' అన్నది అదొక్కటే. అంత మర్యాదగానూ బయట నిలబెట్టింది.

అక్క వాచ్‌మన్ వైపు తిరిగింది. "ఏం తమ్ముడూ, నేనెవరో నీకు తెలీదా?"

"నాకు తెలుసక్కా. దానికి తెలీదు. గేటు తాళం కూడా తీసేసుకున్నారు నా దగ్గర. ఈ టోపీ ఒక్కటే మిగిల్చారు."

"మరి నీకెందుకు జీతం?"

"వచ్చే నెల నుంచి అదీ ఉండదట."

తర్వాత నేను నవ్వాను. గేటు తెరుచుకుంది. అక్కని కూడా రమ్మనేవాడినే, కానీ 'ఒక నవ్వుకి ఒకరే' అని అక్కడ బోర్డు ఉంది. నేను బోర్డులు చదివే మనిషిని.

వరసగా కొన్నాళ్లు ఇదే జరిగింది. మిషన్ లెక్కలో ఆమె పనికి రాలేదు. మా సింకులో గిన్నెలు కొళాయిని అందుకున్నాయి. నాకు కోపం వచ్చింది. గిన్నెల మీదేనని అనుకున్నాను.

సొసైటీ మీటింగులో అందరూ చాలా బాధపడ్డారు. బాధపడటంలో మావాళ్ల తర్వాతే ఎవరైనా. వాట్సాప్ గ్రూపులో అప్పటికే దండాల బొమ్మలు బారులు తీరాయి.

"ఒక్కావిడ కోసం సాఫ్ట్‌వేర్ మారుస్తారా ఎవరైనా?" అన్నాడు సెక్రటరీ. "మనిషిని మార్చడం తేలిక. వేరే ఆవిడ దొరికింది కూడా."

"మూతికి ఏదైనా థెరపీ చేయించుకోమనండి పాపం," అన్నాడు రిటైరైన బ్యాంకు ఆఫీసరు.

"గేటుకి చేయించండి," అంది మా ఆవిడ.

సెక్రటరీ గొంతు తగ్గించాడు. "అమ్మా, ఇది మన నాయకుడి బావమరిది కంపెనీ. మనది మొదటి గేటు. మన దగ్గర బాగుందంటే రేపు ఆసుపత్రులకీ, రేషన్ షాపులకీ, స్కూళ్లకీ అన్నిటికీ ఇదే. ఆదివారం నాయకుడే వచ్చి ప్రారంభిస్తాడు."

"ఆల్రెడీ నడుస్తోందిగా. మళ్లీ ప్రారంభమేంటి?"

"ఫోటోలు ఉండొద్దా?"

ఫోటోలని నమ్మని మిషన్ పక్కన ఫోటోలు దిగడానికి అందరూ ఒప్పుకున్నారు.

పనివాళ్ల మీటింగు మాత్రం గేటు బయట ఇస్త్రీ బండి దగ్గర జరిగింది. నా చొక్కా అక్కడే ఉంది కాబట్టి నేనూ ఉన్నాను.

"బాధ నాకూ ఉందక్కా," అన్నాడు డ్రైవరు. "కానీ నోరెత్తితే మా మొహాలు కూడా అందులోంచి పీకేస్తారు. పిల్లలున్నవాడిని."

"మాకేమైనా కుక్కపిల్లలున్నాయా?" అంది వంటావిడ. "రేపు నా మొగుడు చచ్చిన మర్నాడు కూడా పనికి రావాల్సిందేగా. అప్పుడూ నవ్వమంటుంది. ఇకిలించి లోపలికి రమ్మంటావా? చేతులు అమ్ముకున్నాం, సరే. మూతి ఎప్పుడు అమ్మాం?"

"నవ్వకపోతే సరి," అన్నాడు ఇస్త్రీ ఆయన.

"నవ్వకపోతే బయటే ఉంటాం," అంది వంటావిడ. "మనం బయటుంటే వాళ్లకేం, కొత్తవాళ్లని పెట్టుకుంటారు."

"అయితే లోపలికెళ్లాకే మానేద్దాం."

అక్క బండికి దగ్గరగా జరిగింది. "నా మీద జాలితో ఎవరూ ఏమీ చేయకండి," అంది. "గిన్నె తోమేది చెయ్యి. దానికి మూతితో పనేంటి? నా పని నాకిమ్మనండి. రేపు ఆసుపత్రి గేటు కూడా నన్ను ఇలాగే నవ్వమంటే, నేనెక్కడికి పోయి చావాలి?"

డ్రైవరు ఎదురుగా ఉన్న అక్క మొహం చూస్తూ తన మూతి ఒక పక్కకి తిప్పి చూసుకున్నాడు. వంటావిడ నవ్వబోయి ఆగి, తనూ తిప్పింది.

ఆదివారం షామియానా వేశారు. పనివాళ్లందరూ ఎప్పటిలాగే నవ్వి లోపలికొచ్చారు. మా ఆవిడ అక్కని వెనకాలే నిలబెట్టుకుని మిషన్ ముందు నవ్వింది. మా పెళ్లి ఆల్బమ్ మొత్తం వెతికినా అలాంటి నవ్వు లేదు. గేటు తెరుచుకోగానే ఇద్దరూ వచ్చేశారు. బోర్డు చదవలేదనుకుంటాను.

నాయకుడు పోలీసు జీపుతో సహా వచ్చాడు. సెక్రటరీ వాళ్లందరి తరఫునా నవ్వి లోపలికి తెచ్చాడు. బోర్డుకి ఆ రోజు పూలదండ అడ్డం ఉంది.

"పేదవాడి మొహంలో నవ్వు చూడటమే నా కల," అన్నాడు నాయకుడు మిషన్ పక్కన మైకు పట్టుకుని. "రామ్మా, ఒకసారి నవ్వి చూపించు."

వంటావిడ ముందుకొచ్చింది. మూతి ఒక పక్కకి లాగి, రెండో పక్క బిగించి నిలబడింది.

"దయచేసి నవ్వండి," అంది మిషన్, మైకులోంచి వీధి చివరిదాకా.

ఆమె వెనక డ్రైవరు, అదే మూతి. ఆ వెనక ఇస్త్రీ ఆయన, మెట్లు తుడిచేవాళ్లు, కార్లు కడిగేవాళ్లు. వాచ్‌మన్ టోపీ తీసి సెక్రటరీ చేతిలో పెట్టి వరసలో నిలబడ్డాడు. దయచేసి నవ్వండి, దయచేసి నవ్వండి. మిషన్ అలిసిపోదు. ఆ రోజు వాళ్లూ అలిసిపోలేదు.

"ఏంటీ వెక్కిరింత?" అన్నాడు నాయకుడు.

"వెక్కిరింత కాదయ్యా. ఇది మా మొహం," అంది వంటావిడ.

ఎస్సై లేచాడు. "ఎవరు నేర్పారు ఇది?"

"ఈ మూతి నాది," అంది అక్క.

ఆమెని రెక్క పట్టుకుని జీపెక్కించారు. పొద్దున లోపలికొచ్చాక ఇంకో ఇంట్లో అంట్లు తోముతూ మధ్యలో లేచి వచ్చింది, జబ్బకి ఇంకా సబ్బు నురగ ఉంది. పనివాళ్లు జీపు చుట్టూ మూగి, "ఆ మూతి మాది కూడా, మమ్మల్నీ ఎక్కించండి" అన్నారు. లాఠీలు లేచాయి. ఇస్త్రీ ఆయన మోచేయి పగిలింది. ఒక్కళ్లూ కదల్లేదు, ఒక్క మూతీ సరి కాలేదు.

జీపు వాళ్లని తోసుకుంటూ గేటు దాకా వచ్చి ఆగింది. బయటికెళ్లాలన్నా నవ్వాలి.

పోలీసుల మొహాలు మిషన్‌లో లేవు. సెక్రటరీ పరిగెత్తుకొచ్చి నవ్వబోయాడు. కోపానికి చెంపలు వణుకుతున్నాయి. "దయచేసి తర్వాత ప్రయత్నించండి," అంది మిషన్. నాయకుడే దిగొచ్చి నవ్వాడు. ఎన్నికల్లో ఊరంతా నమ్మిన నవ్వు. "మీరెవరో తెలియదు," అందది. బాల్కనీల్లో ఫోన్లు పట్టుకుని వీడియో తీస్తున్న మావాళ్లని పిలిస్తే, ఒక్కొక్కరే లోపలికి పోయి తలుపులేసుకున్నారు.

ఎస్సై కళ్లు నా మీద పడ్డాయి. "మీరు ఇక్కడివారేగా సార్. ఒక్కసారి నవ్వండి, వెళ్లిపోతాం."

నేనిప్పుడు మిషన్ ముందే ఉన్నాను. జీపులోంచి అక్క చూస్తోంది. పనివాళ్ల మధ్య మా ఆవిడ నిలబడి మూతి తిప్పింది. పెళ్లయిన దగ్గర్నుంచీ నన్ను చూసి తిప్పుతూనే ఉంది గానీ, నన్ను రమ్మని తిప్పడం ఇదే మొదలు.

అందుకని అయ్యలారా, అమ్మలారా, మిమ్మల్ని బతిమాలుకుంటున్నాను. నవ్వు రావడం లేదు, ఆ సంగతి తేలిపోయింది. మూతి తిప్పుదామంటే ఏ పక్కకో తెలియడం లేదు. అక్కకి ఎదురుగా నిలబడి చూస్తే చచ్చుబడింది కుడి పక్క. వెళ్లి ఆమె పక్కన నిలబడితే ఎడమ. మిషన్ అడుగుతూనే ఉంది. లాఠీ దగ్గరికొస్తోంది. తొందరగా చెప్పండి, నేనెక్కడ నిలబడాలి?